తెలియని పిల్లరు కింద ఎవరిని పడుకోబెడతాం?

పోయిన వేసవిలో తిరుపతి బస్టాండుకు కొంచెం దూరంలో ఉన్న ఒక చిన్న లాడ్జి యజమాని నన్ను పిలిపించారు. మెట్ల కింద, మోటారు స్విచ్చి పెట్టిన మూలలో, పిల్లరు మీద నిలువునా ఒక పగులు. మూడడుగుల పొడవుంది. రెండుసార్లు పూత పూయించి సున్నం కొట్టించినా మళ్లీ బయటపడుతోందని ఆయన బాధ. నేను ఇంకా వంగి చూస్తుండగానే వెనక నుంచి అడిగారు: "సార్, ఇది నిలబడుతుందా, పడుతుందా? ఒక్క మాట చెప్పండి, చాలు."

భవనాల బలం పరీక్షించే ఇంజనీరుగా ఇరవై రెండేళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఈ ప్రశ్న ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. చాలాసార్లు నేను నిజాయితీగా చెప్పగలిగిన జవాబు ఒక్కటే: తెలియదు. అయితే అక్కడితో నోరు మూసుకుంటే అది జవాబు కాదు, తప్పించుకోవడం. పడుతుందో లేదో తెలియకపోవచ్చు. తెలియనప్పుడు ఏం చేయాలో మాత్రం ఇంజనీరుకు తెలిసి తీరాలి. ఆ రెండో సంగతి మన ఊళ్లలో దాదాపు ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అందుకే ఈ నాలుగు మాటలు.

ముందు ఆ భవనం పుట్టుపూర్వోత్తరాలు అడిగాను. కింది రెండు అంతస్తులు 1990ల్లో యజమాని తండ్రి సొంత ఇల్లుగా కట్టించారు. ఇంట్లో దాచిన ప్లాను ఒకటి తెచ్చి చూపించారు. అది మునిసిపాలిటీ అనుమతి కోసం గీయించినది. గదుల కొలతలున్నాయి గానీ పిల్లర్లలో ఎంత కమ్మి వేశారో ఎక్కడా లేదు. (కాంక్రీటులో వేసే ఇనుప కడ్డీని మా వైపు కమ్మి అంటాం.) కట్టిన మేస్త్రి కాలం చేశారు. యాత్రికుల రద్దీ పెరిగాక మూడో అంతస్తు వేరే మేస్త్రితో, నాలుగోది ఇంకొకరితో వేయించారు. దాని నెత్తిన పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకు పెట్టారు. లీటరు నీరు కిలో. అంటే పది టన్నులు. నివాస గదుల స్లాబును చదరపు మీటరుకు 200 కిలోల బరువు మీద పడుతుందని ఊహించి లెక్కిస్తాం. ఆ లెక్కన యాభై చదరపు మీటర్ల గదులు మోయాల్సిన బరువంతా ఒకే మూలలో, నాలుగు పిల్లర్ల మీద కూర్చుంది.

పగులు పక్కన ఉలి ఆనించి సుత్తితో చిన్నగా తట్టాను. అరచేయంత పెచ్చు ఊడి చేతిలోకి వచ్చింది. దాని లోపలి వైపు కమ్మి అచ్చు తుప్పు రంగులో ముద్ర వేసినట్టు కనబడింది. కమ్మిని వేలితో రుద్దితే పొరలు పొరలుగా రాలింది. ఇనుము తుప్పు పట్టితే మునుపటి కన్నా ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది, రెండు రెట్ల నుంచి ఆరు రెట్ల దాకా. ఆ ఉబ్బు కాంక్రీటును లోపలి నుంచి బయటికి నెడుతుంది. కమ్మి వెంబడి నిలువుగా పగులు సాగిందంటే కారణం చాలావరకు అదే. గోడ పూతలో సాలెగూడులా వచ్చే సన్న పగుళ్లకూ దీనికీ పోలికే లేదు. ఆ కమ్మి మందం 12 మిల్లీమీటర్లు, పిల్లరు వెడల్పు తొమ్మిది అంగుళాలు. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 ప్రకారం అలాంటి పిల్లరులో రింగుల (నిలువు కమ్ములను చుట్టి పట్టి ఉంచే అడ్డ కమ్ముల) మధ్య దూరం నిలువు కమ్మి మందానికి 16 రెట్లు, అంటే 192 మిల్లీమీటర్లు దాటకూడదు. టేపు పెట్టి కొలిచాను. 280 వచ్చింది.

ఇది ఒక పిల్లరులో ఒక్క చోట చూసిన సంగతి. ఆ భవనంలో పిల్లర్లు 24 ఉన్నాయి.

"పరీక్షలు చేయించండి, తెలిసిపోతుంది కదా" అంటారు. చేయించాలి, నేనూ చేయిస్తాను. కానీ పరీక్ష ఏం చెబుతుందో, ఏం చెప్పదో ముందే తెలుసుకోవాలి. అందరికీ తెలిసింది హ్యామర్ టెస్టు. స్ప్రింగు సుత్తిని కాంక్రీటుకు ఆనించి నొక్కితే అది ఎంత వెనక్కి ఎగిరిందో చూసి బలం అంచనా వేస్తాం. ఈ అంచనా 25 శాతం అటూ ఇటూ ఉండవచ్చని మన ప్రమాణ గ్రంథమే రాసిపెట్టింది. ఆ లాడ్జిలో సగటు 18 మెగాపాస్కల్స్ (చదరపు మిల్లీమీటరుకు 18 న్యూటన్లు) వచ్చింది. ఇలాంటి చోట రిపోర్టులో 18 అని ఒక్క అంకె వేస్తే చదివినవారికి ధైర్యం వస్తుంది. 13.5 నుంచి 22.5 మధ్య ఎక్కడైనా ఉండవచ్చని రాస్తే ఆ ధైర్యం రాదు, కానీ జరిగింది జరిగినట్టు రాసినట్టు అవుతుంది. పైగా పాత కాంక్రీటు పైపొర గాలిలోని బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) వల్ల గట్టిపడుతుంది. సుత్తి ఆ పైపొరనే కొట్టి ఎక్కువ బలం చూపిస్తుంది. లోపల కమ్మిని కాపాడే క్షారగుణం పోయిందని తెలిపే మార్పే బయట సుత్తికి బలంగా కనబడుతుంది. ఇందుకే తాజాగా చెక్కిన చోట ఫినాఫ్తలీన్ అనే రసాయనం చల్లి చూస్తాను. ఆరోగ్యంగా ఉన్న కాంక్రీటు గులాబీ రంగుకు మారుతుంది, చెడినది మారదు. మెట్ల కింది పిల్లరులో కమ్మి దాటి లోపలి దాకా రంగు రాలేదు.

కోరు తీసి, అంటే గుండ్రటి కాంక్రీటు ముక్కను కోసి ప్రయోగశాలలో నలిపి చూస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది. కనీసం మూడు ముక్కలు, వాటి సగటు కావలసిన బలంలో 85 శాతానికి తగ్గకూడదు, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఈ నిబంధన మంచిదే. కానీ 24 పిల్లర్లలో మూడింటిని మాత్రమే కోసి, మూడూ బాగున్నాయని గుండె మీద చెయ్యి వేసుకోవచ్చా? ఆ 24లో నాలుగు నిజంగా చెడిపోయి ఉన్నాయనుకుందాం. గుడ్డిగా మూడు పిల్లర్లను ఎంచుకుంటే, మూడూ మంచివే తగిలే అవకాశం ఎంత? 24లో 20, 23లో 19, 22లో 18. ఈ మూడు భిన్నాలనూ గుణిస్తే 56 శాతం వస్తుంది. నాలుగు పిల్లర్లు కుళ్లిన భవనానికి మనం చేసే పరీక్ష సగానికి పైగా సార్లు ‘బాగుంది’ అనే చెబుతుంది. వాస్తవంలో పరిస్థితి ఇంతకన్నా ఘోరం, ఎందుకంటే పిల్లర్లను మనం గుడ్డిగా ఎంచుకోం. పూత సులువుగా ఊడే చోట, మనిషి నిలబడటానికి వీలున్న చోట, గదిలో అతిథులు లేని చోట ఎంచుకుంటాం. తుప్పు ఉండేది స్నానాల గదుల వెనక, పైపులు కారే సందులో, చెయ్యి దూరని చోట.

కాబట్టి పరీక్ష ఫలితాన్ని ఒంటరిగా చదవకూడదు. భవనం గురించి ముందే తెలిసినదాన్ని దానితో కలిపి చదవాలి. గణితంలో దీనికి బేయ్స్ సూత్రం అని పేరుంది గానీ, అనుభవమున్న మేస్త్రి చేసేదీ అదే: ఎవరు కట్టారు, ఎప్పుడు కట్టారు, నీళ్లు ఎక్కడివి, ఎన్నిసార్లు అంతస్తు పెంచారు అని అడుగుతాడు. ఇద్దరు ముగ్గురు మేస్త్రీలు ఒకరి మీద ఒకరు కట్టిన భవనంలో మూడు కోర్లు బాగున్నాయంటే అనుమానం కొంచెం తగ్గాలి. మాయమైపోకూడదు. చెన్నై మౌలివాక్కంలో 2014 జూన్ 28న కడుతున్న పదకొండు అంతస్తుల భవనం కూలి 61 మంది చనిపోయారు. ఆ కూలీల్లో మన ఉత్తరాంధ్ర నుంచి పొట్ట చేతపట్టుకొని వెళ్లినవారు ఎందరో. పక్కనే అదే సంస్థ కట్టిన జంట భవనం నిలబడే ఉంది. దాన్ని 2016 నవంబరులో పేలుడు పదార్థాలతో నేలమట్టం చేశారు. తోడబుట్టిన భవనం ఎలా పోయిందన్నది కూడా సమాచారమే. ఏ సుత్తీ అంత గట్టిగా చెప్పలేదు.

ఇక్కడ నా తోటి ఇంజనీర్లతో నాకు తగవు ఉంది. కొందరు అంటారు: "ప్రమాణాల్లో భద్రత కోసం చాలా మిగులు పెట్టారు కదా. కాంక్రీటు బలాన్ని 1.5తో భాగిస్తాం, ఇనుము బలాన్ని 1.15తో భాగిస్తాం, బరువులను 1.5తో హెచ్చిస్తాం. కొంచెం అటూ ఇటూ అయినా ఆ మిగులు కాపాడుతుంది." ఈ మాట సగమే నిజం. తెలియకపోవడంలో రెండు రకాలున్నాయి. ఒకే మిక్సరులో కలిపిన కాంక్రీటు కూడా ఒక తట్టకూ ఇంకో తట్టకూ తేడాగా ఉంటుంది. అది పదార్థానికి సహజం, ఎంత జాగ్రత్త పడినా పూర్తిగా పోదు. ఎం20 రకం కాంక్రీటు అంటేనే పరీక్ష కోసం పోత పోసిన క్యూబుల్లో నూటికి ఐదింటికి మించి బలం 20 మెగాపాస్కల్స్ కన్నా తగ్గకూడదని అర్థం. ప్రమాణాల్లోని మిగులు ఈ తేడాను భరించడానికి పెట్టింది. కానీ క్యూబు పరీక్ష ఎవరో చేశారని, డ్రాయింగు ఎవరో గీశారని, కమ్మి కట్టాక ఎవరో లెక్కపెట్టి చూశారని నమ్మి పెట్టిన మిగులు అది. అవేవీ జరగని భవనంలో రెండో రకం తెలియనితనం ఉంటుంది: పిల్లరులో నాలుగు కమ్ములున్నాయా ఆరా, పునాది ఎంత లోతు, కింద గట్టి నేలా పూడ్చిన చెరువా. ఇది పదార్థం గుణం కాదు. మనం చూడలేదు, అంతే. దీన్ని భరించమని ఆ 1.5ని అడగడం అన్యాయం. అది ఇప్పటికే వేరే బరువు మోస్తోంది.

అసలు విషయం ఇక్కడే ఉందని నా నమ్మకం. అనుమానం ఉన్నప్పుడు ఆ అనుమానం ఎవరో ఒకరి నెత్తిన పడక తప్పదు. ‘పడుతుందని రుజువైతే ఖాళీ చేద్దాం’ అంటే అనుమానం లోపల పడుకున్నవారి నెత్తిన పడింది. ‘నిలబడుతుందని నమ్మకం కుదిరేదాకా బరువు తగ్గిద్దాం’ అంటే కట్టించినవారి మీద, అద్దె తీసుకునేవారి మీద పడింది. మన దగ్గర అలవాటుగా సాగేది మొదటిది. తెల్లవారి దర్శనం టికెట్టు జేబులో పెట్టుకొని, పిల్లలను ఎత్తుకొని రాత్రి పదకొండు గంటలకు గది తీసుకున్న యాత్రికుడికి ఆ పిల్లరు గురించి ఏమీ తెలియదు. ప్లాను అడిగే వీలు లేదు. ఆ ఒక్క రాత్రి తప్ప ఆ భవనంతో సంబంధం లేదు. మన తెలియనితనం మొత్తాన్ని ఆయన మీద వేసి తలుపు మూసేస్తున్నాం.

శ్రీకాళహస్తి రాజగోపురం గుర్తు చేసుకోండి. కృష్ణదేవరాయలు 1516లో కట్టించిన ఏడంతస్తుల గోపురం. దానికి ఏళ్ల తరబడి పగుళ్లున్న సంగతి ఊరందరికీ తెలుసు. 2010 మేలో లైలా తుపాను వానల తరువాత పగులు పెరిగింది. మే 26 రాత్రి గోపురం కూలిపోయింది. ఐదు వందల ఏళ్ల కట్టడం మన కళ్లముందే మట్టిగుట్ట అయింది. ఆ దుఃఖం నాకు ఇప్పటికీ ఉంది. ఏళ్ల తరబడి పగుళ్లను చూస్తూ ఊరుకున్నందుకు కోపమూ ఉంది. కానీ ఆ రాత్రి మనుషుల ప్రాణాలు పోలేదు, ఎందుకంటే ముందే చుట్టుపక్కల జనాన్ని దూరం జరిపారు. ఏ రోజు, ఏ గంటకు పడుతుందో అప్పుడు ఎవరికీ తెలియదు. పడే అవకాశం ఎంత శాతమో ఎవరూ లెక్కకట్టి ఇవ్వలేదు. తెలియకుండానే సరైన పని చేశారు.

దీని పక్కన రానా ప్లాజాను పెట్టి చూడండి. ఢాకా దగ్గర సావర్‌లో 2013 ఏప్రిల్ 23న ఆ భవనంలో పగుళ్లు కనిపించాయి. కింది అంతస్తుల్లోని బ్యాంకు, దుకాణాలు మూసేశారు. పైన ఉన్న బట్టల కర్మాగారాల్లో మాత్రం మర్నాడు కార్మికులను పనిలోకి పిలిచారు. ఆ ఉదయమే భవనం కూలింది. 1,100 మందికి పైగా చనిపోయారు. బ్యాంకు దగ్గరా కర్మాగారాల దగ్గరా ఉన్న సమాచారం ఒక్కటే, ఆ పగుళ్లే. ఒకరు అనుమానాన్ని తాము మోశారు, ఇంకొకరు దాన్ని కుట్టుమిషన్ల ముందు కూర్చున్న ఆడపిల్లల మీద వేశారు.

"ప్రతి పగులుకూ ఖాళీ చేయమంటే ఎవరు వింటారు?" అన్న ప్రశ్న సబబైనదే. లాడ్జి యజమానికి బ్యాంకు అప్పుంది. ఆ భవనం మీద బతికే కుటుంబాలు ఏడు. నేను ఊరికే భయపెట్టి, అది మరో ముప్పై ఏళ్లు నిలబడితే నా తరువాత వచ్చే ఇంజనీరు మాట కూడా ఎవరూ వినరు. అందుకే నేను ఖాళీ చేయడంతో మొదలుపెట్టను. ఒకటి, తప్పని తేలినా నష్టం తక్కువగా ఉండి, వెనక్కి తీసుకోగలిగిన పని ముందు చేయిస్తాను. ట్యాంకు నీళ్లు వదిలేయడానికి రూపాయి ఖర్చు కాదు, కానీ పది టన్నులు ఆ సాయంత్రమే దిగిపోతాయి. పై అంతస్తుకు తాళం వేస్తే ఆదాయం పోతుంది, రేపు తీయవచ్చు. స్లాబు కింద పిల్లరు చుట్టూ ఇనుప జాకీలు నిలబెడితే సెంటరింగ్ సామాను అద్దె అవుతుంది. ఇవన్నీ చేశాక, మనుషులు ఆ మూల కింద లేనప్పుడు, తీరిగ్గా పరీక్షలు చేసుకోవచ్చు. మన దగ్గర సాగే పద్ధతి దీనికి తలకిందులు: రిపోర్టు వచ్చేదాకా ట్యాంకు నిండుగానే ఉంటుంది. రిపోర్టుకు మూడు వారాలు పడుతుంది.

రెండోది, ఏ భాగం గురించి తెలియదన్నది చూడాలి. తగినట్టు కమ్మి వేసిన బీము విరిగే ముందు వంగుతుంది, అడుగున పగుళ్లు విచ్చుకుంటాయి, కింద తలుపులు బిగుసుకుంటాయి. లోపలివారికి లేచి బయటికి నడిచే సమయం దొరుకుతుంది. రింగులు దూరంగా ఉన్న పిల్లరు అలా వదలదు. నిలువు కమ్మి పక్కకు ఒంగి, కాంక్రీటు నలిగి క్షణాల్లో పోతుంది. దాని బరువు పక్క పిల్లర్ల మీదికి దూకుతుంది, అవి అప్పటికే అంతంతమాత్రం. అందువల్ల బీము గురించి తెలియదంటే నేను వారం ఆగగలను. కింది అంతస్తు పిల్లరు గురించి తెలియదంటే ఒక్క రాత్రి కూడా ఆగలేను.

2021 నవంబరు వానల్లో తిరుపతి శ్రీకృష్ణ నగర్‌లో ఒక ఇంటి నీళ్ల సంపు భూమిలోంచి పైకి లేచి నిలబడింది. శుభ్రం చేయడానికి లోపలికి దిగిన ఇల్లాలు ప్రాణాలతో బయటపడింది. జనం వింత చూడటానికి వరస కట్టారు. అందులో వింతేమీ లేదు. చుట్టూ నేల నీటితో నిండిపోయినప్పుడు ఖాళీ సంపు మూత పెట్టిన బిందెలా తేలుతుంది. తొలగించిన నీటి బరువు కన్నా దాని బరువు తక్కువైతే చాలు. ఆ వీధిలో భూగర్భ జలం ఎంత ఎత్తుకు వచ్చిందో ఆ ఇంట్లోవారికి తెలిసే వీలు లేదు. అయినా, ముసురు పట్టి నేల నానిన వారంలో సంపు ఖాళీ చేయకూడదన్న ఒక్క మాట ఆ తల్లికి ముందే ఎవరైనా చెప్పి ఉంటే సరిపోయేది. ఆ మాటకు డేటా అక్కర్లేదు. ఆ నెల వానల్లోనే స్వర్ణముఖి ఒడ్డు కోసుకుపోయింది, కాలనీలు మునిగాయి. ఆ వరదలో నానిన పునాదుల మీదే ఇప్పుడు కొత్త అంతస్తులు లేస్తున్నాయి. ఆ పునాదుల కింద మట్టి ఎంత కొట్టుకుపోయిందో ఎన్ని ఇళ్లలో తవ్వి చూశారు? నా దగ్గరికి వచ్చినవారిలో చూపించినవారు ఇద్దరే.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. పన్నెండేళ్ల కిందట ఒక అపార్టుమెంటుకు నేనే ఉత్తరం ఇచ్చాను. హ్యామర్ టెస్టు చేసి, కంటితో చూసి, ‘భవనం సురక్షితం’ అని రాసి సంతకం పెట్టాను. వారికి కావలసింది ఆ ఒక్క పదమే. పద్నాలుగు నెలల తరువాత ఒక రాత్రి మొదటి అంతస్తు బాల్కనీ స్లాబు గోడ దగ్గర తెగి కింద పడింది. పై కమ్మి ఉండాల్సిన ఎత్తులో లేదు. స్లాబు వేసేటప్పుడు ఎవరి కాళ్ల కిందో అణిగిపోయి అడుగుకు చేరింది. బాల్కనీకి కమ్మి పైన ఉంటేనే బలం. నేను దాన్ని చూడలేదు. చూడలేదని ఉత్తరంలో రాయనూ లేదు. కింద రెండు స్కూటర్లు నుజ్జయ్యాయి. సాయంత్రం అక్కడే పిల్లలు షటిల్ ఆడుకున్నారని వాచ్‌మన్ భార్య చెప్పింది. ఆమె కోపంగా చెప్పలేదు, మామూలుగా చెప్పింది. ఆ మాట నాకు ఇప్పటికీ నిద్రలో వినబడుతుంది.

ఆ రోజు నుంచి నా ఉత్తరాల్లో ‘సురక్షితం’ అన్న పదం లేదు. ఏ పిల్లర్లు చూశానో, ఏవి చూడలేదో పేరుపేరునా రాస్తాను. బలాన్ని ఒక అంకెగా ఇవ్వను, ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉండవచ్చో ఇస్తాను. చూడని చోట చెడ్డదే ఉందని ఊహించి లెక్క చేసి, అప్పుడు భవనం ఏమవుతుందో చెబుతాను. ఈ రోజే చేయాల్సిన పని మొదటి పేజీలోనే ఉంటుంది. దీనివల్ల నాకు పనులు తగ్గాయి. సురక్షితమని ఒక పేజీ రాసిచ్చేవారు ఊళ్లో దొరుకుతారు. అనుమతి లేని అంతస్తులను అపరాధ రుసుముతో క్రమబద్ధీకరించే పథకాలు మన రాష్ట్రంలో పలుమార్లు వచ్చాయి. రుసుము కట్టితే అంతస్తుకు కాగితం వస్తుంది, కింది పిల్లరుకు బలం రాదు. అంతస్తు పెంచిన ప్రతి లాడ్జి, ప్రతి హాస్టలు, ప్రతి కల్యాణ మండపం తన పిల్లర్లలో ఏవి పరీక్షించారో, ఏవి పరీక్షించలేదో రాసి గుమ్మం దగ్గర అతికించాలన్నది నా కోరిక. మంటలార్పే పరికరాల తేదీ అతికించమంటున్నాం కదా, ఇదెందుకు అతికించకూడదు?

లాడ్జి యజమాని మొదట ఒప్పుకోలేదు. "ఈ సెలవులు దాటనివ్వండి సార్, తరువాత మీరు చెప్పినట్టే చేస్తా" అన్నారు. నేను వాదించలేదు. ఊడిన పెచ్చును ఆయన చేతిలో పెట్టి, కమ్మిని వేలితో రుద్దమన్నాను. రుద్దారు. కాసేపు వేలికి అంటిన ఎర్రటి పొడిని చూస్తూ నిలబడ్డారు. పక్కనే కుర్చీలో కూర్చున్న ఆయన తల్లి, అంతవరకు ఒక్క మాట మాట్లాడని మనిషి, "ఆ ట్యాంకు నీళ్లు వదిలెయ్ నాయనా" అంది.

ఆ సాయంత్రమే వదిలారు. ఇప్పుడు నీళ్లకు నేల మీద రెండు చిన్న ట్యాంకులు, ఒక ప్రెషర్ పంపు ఉన్నాయి. మెట్ల కింది పిల్లరుకు కొత్త కమ్మి కట్టి కాంక్రీటు తొడుగు వేశాం. మరో ఐదింటికి కూడా అయింది. మిగతా 18లో మూడింటి మీద సన్న పగుళ్లున్నాయి. ఒక్కో పగులుకు అడ్డంగా సన్నటి గాజు పలక అతికించి దాని మీద తేదీ రాశాను. పగులు కదిలితే గాజు విరుగుతుంది. ప్రతి సోమవారం ఉదయం వాచ్‌మన్ ఆ మూడు గాజులనూ ఫోనులో ఫొటో తీసి పంపుతాడు. మొన్న సోమవారం కూడా వచ్చాయి. మూడూ విరగలేదు. నాలుగో అంతస్తు తాళం ఇంకా తీయలేదు.